పీకి చూసే పెదనాన్న

పెదనాన్నకి జత లేని వస్తువంటే భయం. జత ఉన్న వస్తువంటే అనుమానం. ఆయన గురించి తెలుసుకోవలసిందంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. మిగతాదంతా ఆ రెంటి మధ్యా పడి నలిగిపోయిన మనుషుల కథ.

తాళంచెవికి జత, గొడుగుకి జత, కళ్ళజోడుకి జత, ఆఖరికి ఇంట్లో చీపురుకి కూడా జత. ఇందులో వింతేముంది, జాగ్రత్తపరులందరూ చేసేదే కదా అంటారేమో. జాగ్రత్తపరులు జత కొని, బీరువాలో పడేసి, హాయిగా నిద్రపోతారు. పెదనాన్నకి ఆ తర్వాతే నిద్ర పట్టదు. రెండోది అవసరానికి నిజంగా అక్కరకొస్తుందా? అది తేలాలంటే ఒక్కటే దారి. చక్కగా పనిచేస్తున్న మొదటిదాన్ని పీకి పక్కన పెట్టాలి. అందుకే ఆఫీసులో ఆయన్ని చాటుగా పీకుడాయన అనేవారు. ఎదురుగా అన్నా ఆయనేమీ అనుకునేవాడు కాదు.

ఇవన్నీ అందరికన్నా దగ్గరగా చూసింది, అందరికన్నా ఎక్కువగా పడింది, ఆయన తమ్ముడి కూతురు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లీ తనూ పెదనాన్న ఇంటికి వచ్చేశారు. వయసు ముప్పై దాటినా, ఆయన ఆఫీసులోనే ఉద్యోగం చేస్తున్నా, పెదనాన్నకి ఆమె బుల్లి. కాబట్టి మనకీ బుల్లే.

బుల్లికి గుర్తున్న మొదటి పీకుడు తాళంచెవిది. వీధి తలుపుకి కొత్తగా మారుచెవి చేయించుకొచ్చాడు పెదనాన్న. ఇంటిల్లిపాదినీ పని ఉందని బయటికి పిలిచాడు. అసలు చెవిని లోపల బల్లమీద పెట్టి, తలుపు లాగేశాడు. అది దానంతట అదే తాళం పడిపోయే తలుపు. ఇప్పుడు చూడండి అని మారుచెవి పెట్టి తిప్పాడు. అది తిరగలేదు. సన్నగా వాన మొదలైంది. పెదనాన్న మొహం మాత్రం వెలిగిపోతోంది. "చూశారా, ఈ రోజే తెలిసింది. అవసరమైన రోజు తెలిసుంటే ఏమయ్యేది?" అన్నాడు.

"ఈ రోజు అవసరం లేదని ఎవరు చెప్పారండీ? పొయ్యిమీద పాలున్నాయి," అంది పెద్దమ్మ.

వడ్రంగి వచ్చి తలుపు ఊడదీసేసరికి పాలు ఇగిరిపోయి, గిన్నె మాడి మసైపోయింది. పెద్దమ్మ ఆ మసిగిన్నెని చాలాకాలం వంటింటి గోడకి తగిలించి ఉంచింది. పెదనాన్న దాన్ని చూసినప్పుడల్లా, జత గిన్నె ఉందిగా అనేవాడు.

కారుకి స్టెప్నీ ఉంటుంది కదా. అది అవసరానికి నిలబడుతుందో లేదో అని, ఊరు ప్రయాణం ముందు నిక్షేపంలాంటి టైరు విప్పి స్టెప్నీ బిగించాడు. విప్పిన టైరు డిక్కీలో పట్టలేదు. దాన్ని వెనక సీట్లో పెద్దమ్మ పక్కన కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. దారి పొడుగునా పెద్దమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. దిగాక మాత్రం, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంత తక్కువ మాట్లాడి నా బుర్ర తినని మనిషి పక్కన ఇదే మొదటిసారి కూర్చోవడం అని టైరుని మెచ్చుకుంది.

మనుషుల్ని కూడా వదిలేవాడు కాదు. బుల్లి బడికి రోజూ వెళ్ళే దారి ఒకటుంది. ఒకనాడు బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడి, ఆ దారి ఇవాళ లేదనుకో, వేరే దారిన ఇంటికి రా అని చెప్పి వెళ్ళిపోయాడు. బుల్లి ఏడుస్తూ, కుళాయిల దగ్గర వాళ్ళనీ కొట్ల దగ్గర వాళ్ళనీ అడుగుతూ, తప్పుడు సందుల్లో దూరి వెనక్కొచ్చి, ఎలాగో ఇల్లు చేరింది. గుమ్మంలో పెదనాన్న మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది, రొప్పుతున్నాడు, చేతిలో చెంబులో చుక్క నీళ్ళు లేవు. "వచ్చావా," అన్నాడంతే. ఇంత రాతి గుండె మనిషి ఉంటాడా అని బుల్లి ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఖాళీ చెంబు సంగతి మాత్రం ఎందుకో మనసులో ఉండిపోయింది.

ఇక ఆఫీసు సంగతి. పెదనాన్న ఒక బ్లడ్‌బ్యాంకులో కంప్యూటర్లు చూసుకునేవాడు. ముందుగదిలో కౌంటరు, వెనకగదిలో రక్తం దాచే ఫ్రిజ్‌లు, మధ్యలో కిటికీ లేని ఇరుకు గది, అందులో సర్వరు. రక్తం ఇచ్చేవాళ్ళ ఫోను నంబర్లన్నీ దాన్లోనే ఉంటాయి. వీధివైపు గోడమీద పెద్ద బోర్డు. ఏ గ్రూపు రక్తం ఉందో, ఏది నిండుకుందో దానిమీద ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. సర్వరు లేచి ఉంటే బోర్డు వెలుగుతుంది, సర్వరు పడుకుంటే ఆరిపోతుంది.

ఆ సర్వరులో రెండు డిస్కులు. ఒకదానిమీద ఏది రాస్తే రెండోదానిమీద కూడా అదే పడుతుంది. ఆ ఏర్పాటుని అద్దం అంటారు. ఒకటి పోయినా రెండోది అచ్చంగా అలాగే ఉంటుంది. ఆ ఏర్పాటుకి సంతకం పెట్టిన రోజు నుంచీ మేనేజరు గుండెలమీద చెయ్యి వేసుకుని నిద్రపోతున్నాడు. పెదనాన్న మాత్రం రెండు డిస్కులకీ చెరో తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, ఒకదానిమీద పెద్దోడు అనీ, రెండోదానిమీద చిన్నోడు అనీ తన చేత్తో రాసి, వాళ్ళని అనుమానంగా చూస్తూ కూర్చున్నాడు.

"అద్దాన్ని నమ్మకూడదే బుల్లీ," అనేవాడు. పెద్దోడిలో ఉన్నదంతా చిన్నోడిలోనూ ఉంటుందట, ఒక్కటి తప్ప. డిస్కుకి మొట్టమొదట్లో చిన్న జాగా ఉంటుంది. స్విచ్చి వెయ్యగానే మెషీను నేరుగా అక్కడికే వచ్చి, ఇప్పుడేం చెయ్యమంటావని అడుగుతుంది. నన్ను ఇలా లేపు అని చెప్పే నాలుగు ముక్కలు అక్కడ ఉండాలి. అద్దం ఆ జాగా జోలికే పోదు, దాని తర్వాత నుంచే చూపిస్తుంది. అందుకని కొత్త డిస్కు పెట్టినప్పుడల్లా ఆ నాలుగు ముక్కలూ మనమే విడిగా రాయాలి. రాయకపోతే చిన్నోడికి వచ్చిన లోటేమీ లేదు. పెద్దోడు ఉన్నన్నాళ్ళూ పక్కనే నిలబడి బుద్ధిగా పనిచేస్తాడు. పెద్దోడు పోయిన రోజున మాత్రం లేవడు. "వాడికి అన్నీ తెలుసు. లేవడం ఒక్కటే తెలీదు," అనేవాడు పెదనాన్న.

ఆ మాట దగ్గర ఆయన గొంతు కాస్త మారేది. ఎందుకో బుల్లికి తెలుసు. ఆమె తండ్రి ఆయనకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆ ఇంట్లో అన్నీ ఆ తమ్ముడే చూసుకునేవాడు, భార్యని గుమ్మం దాటి కష్టపడనిచ్చేవాడు కాదు. ఆయన ఉన్నట్టుండి పోయిన రోజున ఇంట్లో అన్నీ ఉన్నాయి. గాదెలో బియ్యం ఉంది, బీరువా నిండా బట్టలున్నాయి. కాని ఏ తాళంచెవి దేనిదో, కూతురి బడి ఎటువైపో కూడా అమ్మకి తెలియదు. ఆ ఇల్లు అలా కూలబడిపోయింది. పెదనాన్న వచ్చి చెయ్యిచ్చేదాకా లేవలేదు.

చెప్పి ఊరుకుంటే ఆయన పీకుడాయన ఎందుకవుతాడు? కౌంటరు దగ్గర రోగుల తాలూకు వాళ్ళెవరూ లేని వేళ చూసేవాడు. అంతవరకూ దయ ఉంది. చిన్నోడిలోంచి ఆ నాలుగు ముక్కలూ చెరిపేసి, సర్వరు ఆపి, పెద్దోణ్ణి పీకి జేబురుమాల్లో చుట్టుకుని, తలనొప్పిగా ఉంది ఇంటికెళ్తున్నా అని లేచేవాడు. ఫోను ఆపేసేవాడు. బయట బోర్డు ఆరిపోయేది. మేనేజరు గదిలోంచి కేక వినపడేది. అక్కడి నుంచి బుల్లి, ఆమె తిప్పలు.

మొదటిసారి ఆమె ఒక పెన్‌డ్రైవు గుచ్చి దాని సాయంతో నాలుగు ముక్కలూ రాసింది, మెషీను లేచింది, బోర్డు వెలిగింది, మేనేజరు చేతులు జోడించాడు. పెదనాన్న తిరిగొచ్చి, లేచిందా అని అడిగి, మెషీనుకి ఇంకా గుచ్చి ఉన్న ఆ పెన్‌డ్రైవు లాగేసి, ఏదీ ఇప్పుడు మళ్ళీ లేపు అన్నాడు. లేవలేదు. బుల్లి ఆ నాలుగు ముక్కలూ చిన్నోడిమీద కాకుండా పెన్‌డ్రైవు మీదే రాసేసింది. పక్కింటివాణ్ణి లేపి మనింటి తలుపు తియ్యమన్నట్టుందే అని ఆయన పడీ పడీ నవ్వాడు. బుల్లి ఆ సాయంత్రం పెద్దమ్మ దగ్గర కూర్చుని, ఈ మనిషితో నేను పనిచెయ్యలేనని ఏడ్చింది. నేను కాపరం చేస్తున్నాను, నువ్వు ఉద్యోగం చెయ్యలేవా అంది పెద్దమ్మ.

తర్వాత తర్వాత బుల్లి చేతులు వాటంతట అవే పనిచెయ్యడం నేర్చుకున్నాయి. ఆయన మాత్రం మారలేదు. ఎప్పుడు తలనొప్పి వస్తుందో తెలియదు. పోనీ, తిరిగొచ్చాక భేష్ అంటాడా అంటే అదీ లేదు. లేచిందా అని ఒక్క ప్రశ్న. లేచిందంటే, ఊఁ అని ఒక్క మూలుగు.

ఆ మనిషి నిజంగానే జబ్బుపడ్డాడు. గుండె. డాక్టరు ఏదేదో చెప్పి వెళ్ళాక, కిడ్నీలు రెండిచ్చినవాడు గుండె దగ్గర పొదుపు చేశాడేమిటే అని బుల్లిని అడిగాడు. ఆమె నవ్వలేకపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆఫీసులో చిన్నోడు పాడయ్యాడు. బుల్లి కొత్త డిస్కు పెట్టి, పాత ప్లాస్టరు ముక్కని జాగ్రత్తగా ఊడదీసి దీనికి అంటించి, అద్దం కుదిరేదాకా చూసి, ఆసుపత్రికి పరుగెత్తింది.

"చిన్నోణ్ణి మార్చావటగా," అన్నాడు ఆయన. గొంతు బాగా తగ్గిపోయింది. "పీకి చూశావా?"

"లేదు పెదనాన్నా. నువ్వు ఇంటికొచ్చాక ఇద్దరం చూద్దాం."

"నేను పక్కనుండగా చూస్తే అది చూసినట్టు కాదే," అన్నాడు.

ఆయన ఇంటికి రాలేదు. పెద్దమ్మ ఏడవలేదు, గట్టిగా మాట్లాడలేదు. గూట్లో వరసగా ఉన్న రెండు కళ్ళజోళ్ళూ చూస్తూ, అన్నిటికీ జత తెచ్చారు, తమకి మాత్రం తేలేదు అని ఒక్క మాట అంది. బుల్లికి దుఃఖం అప్పుడు పొంగింది. తండ్రి పోయినప్పుడు ఆమెకి పోవడమంటే ఏమిటో తెలియదు. ఈసారి అన్నీ తెలిసి పోగొట్టుకుంది.

ఆఫీసులో ఆ ఇరుకు గదిలోకి వెళ్ళడమే ఆమెకి కష్టమైంది. చెయ్యాల్సిన పనేమిటో తెలుసు. చిన్నోడిమీద నాలుగు ముక్కలూ రాయాలి, పెద్దోణ్ణి పీకాలి, చూడాలి. కాని పెద్దోణ్ణి అక్కడ బిగించినవి ఆయన చేతులు. చెయ్యి అక్కడిదాకా వెళ్ళి ఆగిపోయేది. రేపు చూద్దాంలే అనుకునేది. ఆ రేపు అలా జరుగుతూ పోయింది.

ఒక రోజు పొద్దున్న కరెంటు పోయింది. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది, ఈలోగా బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక అన్ని దీపాలూ వెలిగాయి, ఫ్రిజ్‌లు గుర్రుమన్నాయి, బోర్డు మాత్రం వెలగలేదు. బుల్లి ఇరుకు గదిలోకి వెళ్ళి చూస్తే, తెరమీద తెల్లగా ఒక్క వాక్యం ఉంది. లేపడానికి ఇక్కడ ఏమీ దొరకలేదని దాని అర్థం. పెద్దోడిమీద చెయ్యి వేసింది. ఎప్పుడూ సన్నగా అదిరే డిస్కులో కదలిక లేదు. ముసలి డిస్కులు అంతే, తిరుగుతున్నంతసేపూ తిరుగుతాయి, ఒకసారి ఆగాయంటే మళ్ళీ తిరగవు. చిన్నోడు పక్కనే ఉన్నాడు. వాడికి అన్నీ తెలుసు.

అప్పటికే కౌంటరు దగ్గర ఒక లారీ డ్రైవరు నిలబడి ఉన్నాడు. భార్యకి కాన్పు కష్టమైంది, రక్తం చాలా పోయింది, ఆమెది ఎక్కడా దొరకని గ్రూపు. ఫ్రిజ్‌లో అది లేదు. ఇచ్చే మనుషులు ఊళ్ళో ఉన్నారు, వాళ్ళ నంబర్లు చిన్నోడిలో ఉన్నాయి. ఆ గ్రూపు వాళ్ళ నంబరు ఒక్కటైనా నోటికొచ్చా అని మేనేజరు అందరినీ అడుగుతున్నాడు. డ్రైవరు ఎవరినీ ఏమీ అనడం లేదు, టోపీ చేతిలో పట్టుకుని పిండుతున్నాడు. కౌంటరులో పనిచేసే అక్క బుల్లి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "లేస్తుందా అమ్మా?"

ఇదివరకు ఎన్నిసార్లు బోర్డు ఆరినా, పెద్దోడు ఎక్కడో ఒక జేబురుమాల్లో క్షేమంగా ఉన్నాడు. ఎంత తిట్టుకున్నా ఆ మనిషి సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఇప్పుడు వచ్చేవాడెవరూ లేడు. అప్పుడు ఏడుపు రావలసింది, రాలేదు. చేతులు సొరుగు లాగాయి. దారంతో కట్టిన రెండు పెన్‌డ్రైవులు, జత, ఆయన పెట్టినచోటే ఉన్నాయి.

ఒకటి గుచ్చి దాని సాయంతో మెషీన్ని లేపింది. అది అరువు మెలకువ. చిన్నోణ్ణి వెతికి పట్టుకుంది. అన్న లేకుండా నేను నిలబడనని వాడు మొరాయించాడు, ఒక్కడివే నిలబడు అని ఆజ్ఞ రాసి నిలబెట్టింది. లోపలికి తొంగిచూస్తే అన్నీ ఉన్నాయి, ఒక్క నంబరు పోలేదు. అప్పుడు పెన్‌డ్రైవు సంగతి పక్కన పెట్టి చిన్నోడి లోపలికి వెళ్ళి, ఇదే నా ఇల్లన్నట్టు అక్కణ్ణుంచి ఆజ్ఞ ఇవ్వడానికి సిద్ధమైంది. నాలుగు ముక్కలు రాయడానికి వేలు ఎత్తి ఆగింది. ఏ డిస్కు మీద రాస్తున్నావో చూసుకో. పక్కింటివాణ్ణి లేపుతావేమో. పేరు చూసుకుంది, మళ్ళీ చూసుకుంది, అప్పుడు నొక్కింది. పెన్‌డ్రైవు లాగేసింది. స్విచ్చి ఆపి, మళ్ళీ వేసింది.

తెర నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది. తర్వాత ఒక అక్షరం, వెంట వరసలు వరసలుగా జారుతూ తెల్లని వాక్యాలు. బయటి నుంచి మేనేజరు గొంతు, బోర్డు వెలిగిందని.

కౌంటరు అక్క ఫోను అందుకుంది. రెండో నంబరుకే ఒక బడి పంతులమ్మ దొరికింది, చేతులకి సుద్దపొడి కూడా కడుక్కోకుండా వచ్చేసింది. సాయంత్రం డ్రైవరు మళ్ళీ వచ్చి, తల్లీ బిడ్డా బాగున్నారని చెప్పి, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక బోర్డుకి పెట్టి వెళ్ళాడు.

బుల్లికి అప్పుడు వచ్చింది ఏడుపు. అందరి ముందూ ఏడవడం ఇష్టంలేక, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న టీకొట్టులోకి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది. ఎప్పుడూ టీ ఫ్లాస్కులో ఆఫీసుకే వచ్చేది, ఆమె ఆ కొట్టు గుమ్మం ఎక్కింది లేదు. టీకొట్టావిడ గ్లాసు తెచ్చి పెట్టి, ఆమె మొహంలోకి చూసింది.

"నువ్వు రుమాలాయన పిల్లవి కదమ్మా?"

"రుమాలాయనా?"

"అదే, మీ పెద్దాయన. అప్పుడప్పుడూ వచ్చి ఇదే బల్లమీద కూర్చునేవాడు. ఒళ్ళో రుమాల్లో ఏదో చుట్టుకుని ఉండేది. టీ చెప్పేవాడు, ముట్టుకునేవాడు కాదు. కళ్ళు ఆ బోర్డు మీదే. ఒకసారి అది ఎంతకీ వెలగలేదు. లేచి రోడ్డుమీద ఒక కాలు పెట్టాడు, వెనక్కొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. చూళ్ళేక, ఎందుకయ్యా ఆ అవస్థ, వెళ్ళి పెట్టేసి రాకూడదా అన్నాను. నేనెళితే మా పిల్లకి నేనే ఉండాలి ఎప్పటికీ అన్నాడు."

బుల్లి గోడవైపు నుంచి ఇటు తిరిగి బోర్డు వైపు చూసింది.

"వెలగ్గానే ఆ చల్లారిపోయిన టీ గటగటా తాగేసి, బల్లమీద చెయ్యి చరిచి, లేచింది మా బుల్లి అనేవాడు. మెషీనా అని అడిగితే, మెషీను సంగతి ఎవరిక్కావాలి అనేవాడు. డబ్బులిచ్చాక చాలాసేపు ఊరికే కూర్చునేవాడు. ఇంటికెళ్ళొచ్చినట్టు కనపడాలట."

బుల్లి ఏడుస్తూనే ఉంది, కాని ఆ ఏడుపు మధ్యలో ఆమెకి ఒక ఖాళీ చెంబు గుర్తొచ్చింది. చెమటకి తడిసిన చొక్కా, ఆ రొప్పు. సందు సందునా వెనకే నడిచి, చివర్లో అడ్డదారిన పరుగెత్తుకొచ్చి, చేతికి దొరికిన చెంబు పట్టుకుని మొక్కల దగ్గర నిలబడిన మనిషి. నీళ్ళు పట్టుకునే వ్యవధి ఎక్కడిది ఆయనకి? రాతి గుండె అనుకుని ఆ పూట అన్నం మానేసినందుకు ఆమెకి ఇన్నేళ్ళ తర్వాత నవ్వొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసి పొలమారి, టీకొట్టావిడ వచ్చి మాడు తట్టాల్సి వచ్చింది.

పెద్దోణ్ణి బుల్లి ఇంటికి తీసుకెళ్ళింది. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వంటింట్లో మసిగిన్నె పక్కన పెట్టింది. సర్వరులోకి కొత్త డిస్కు వచ్చింది. నాలుగు ముక్కలూ ఈసారి ఆ రోజే రాసింది, ఆ రోజే పీకి చూసింది.

తర్వాత కౌంటరు అక్కకి నేర్పడం మొదలుపెట్టింది. నాకెందుకమ్మా ఇదంతా, నువ్వున్నావుగా అంది అక్క. అందుకే అంది బుల్లి. అక్క నేర్చుకుంది, మరిచిపోయింది, మళ్ళీ నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం కౌంటరు ముందు ఎవరూ లేరు. బుల్లి చెరపవలసింది చెరిపి, సర్వరు ఆపి, డిస్కు పీకి రుమాల్లో చుట్టుకుని, తలనొప్పిగా ఉందక్కా అంటూ లేచింది. ఆమె గుమ్మం దాటేలోపే బోర్డు ఆరిపోయి ఉంది, వెనక నుంచి మేనేజరు కేక వినపడింది.

టీకొట్టావిడ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. బుల్లి చూడలేదు. ఒళ్ళో రుమాలు రెండు చేతులతో పట్టుకుని బోర్డు వైపే చూస్తోంది. అక్క ఇప్పుడు సొరుగు తీసి ఉంటుంది. ఇప్పుడు చిన్నోడు మొరాయిస్తూ ఉంటాడు. ఇప్పుడు పక్కింటివాణ్ణి లేపకుండా ఉంటే చాలు. లేచి రోడ్డుమీద ఒక కాలు పెట్టింది, వెనక్కొచ్చి కూర్చుంది.

"తాగమ్మా, చల్లారిపోతోంది," అంది టీకొట్టావిడ. "మీ ఇంట్లో వేడి టీ తాగేవాళ్ళు ఎవరూ లేరా?"

బోర్డు వెలిగింది. బుల్లి బల్లమీద ఒక్క చరుపు చరిచి, మీగడ కట్టిన టీ గటగటా తాగేసింది. ఇంటికెళ్ళొచ్చినట్టు కనపడాలి కాబట్టి కాసేపు కూర్చోవాలని తెలుసు, కాని కూర్చోలేకపోయింది. రోడ్డు దాటి, మెట్లు రెండేసి ఎక్కేసి, తలుపు తోసుకుని లోపలికి వచ్చి పడింది.

కౌంటరు అక్క కళ్ళు తుడుచుకుంటోంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. బుల్లిని ఎగాదిగా చూసి, తలనొప్పని వెళ్ళిన మనిషివి, ఎక్కణ్ణుంచే ఆ రొప్పు అని అడిగింది.

"మొక్కలకి నీళ్ళు పోస్తున్నానక్కా," అంది బుల్లి.

ఆ ఆఫీసులో ఒక్క మొక్క కూడా లేదు.